చివరి వరుస నుంచి రెండు మార్కులు

ముప్పై ఏళ్లు బస్సుల్లో టికెట్లు తనిఖీ చేసి రిటైరైన మనిషి ఇంట్లో ఊరికే కూర్చుంటాడనుకోవడం మన అమాయకత్వం. ఆయన్ని వీధంతా చెకింగ్ మావయ్య అంటుంది. సొంత బావమరిది టికెట్ లేకుండా దొరికితే జరిమానా రాసి చేతిలో పెట్టిన ఘనుడు. ఆ బావమరిది రెండేళ్లు గడప తొక్కలేదు. "తొక్కకపోతే పోనీ, టికెట్ కొనడం నేర్చుకున్నాడుగా" అంటాడు మావయ్య ఇప్పటికీ.

అలాంటాయన ఒక శనివారం పొద్దున ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, కొడుకు పాత ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని కోడలి వెంట బయల్దేరాడు. కోడలు కంప్యూటర్ శిక్షణ కేంద్రంలో పాఠాలు చెబుతుంది. స్నేహితుల్ని చేర్చుకుని, ఫోటోలూ కబుర్లూ పంచుకునే సోషల్ నెట్‌వర్క్ యాప్‌ని ఎవరికి వారు తయారుచేసుకునేలా రెండు రోజుల వర్క్‌షాప్ పెట్టింది. ఇరవై మంది ఉంటేనే హాలిస్తానన్నాడు మేనేజరు. పందొమ్మిది దగ్గర లెక్క ఆగిపోతే ఇరవయ్యో కుర్చీకి మావగారు దొరికాడు. ఇంకో మెలికా ఉంది. రెండు సాయంత్రాలూ వచ్చినవాళ్లు పేరు రాయకుండా అభిప్రాయాల ఫారాలు నింపుతారు. మొత్తం మీద ఐదుకి సగటున నాలుగు రాకపోతే, ఏడాదిగా ఆమె ఆశ పెట్టుకున్న, వారం వారం నడిచే ఆదివారం బ్యాచ్ ఇంకొకరికి పోతుంది.

మావయ్య అలవాటు కొద్దీ చివరి వరుసలో కూర్చున్నాడు. అక్కణ్ణుంచి అందరి స్క్రీన్లూ కనిపిస్తాయి. కోడలికి విషయం కొట్టిన పిండి. అయితే ఆమె తెర వైపు తిరిగి గుక్క తిప్పుకోకుండా చెప్పుకుపోతోంది. మధ్యమధ్యలో ఇటు తిరిగి "అర్థమైందా?" అంటుంది. తలలన్నీ ఊగుతాయి. ఆమె మళ్లీ అటు తిరుగుతుంది.

లాగిన్ పాఠం దగ్గర స్క్రీన్ల మీద, ఎక్కడో తప్పు రాశారని చెప్పే ఎర్రగీతలు మొదలయ్యాయి. మావయ్య లెక్కపెట్టాడు. తొమ్మిది. ఆ తొమ్మిదిమందీ తలూపినవాళ్లే. పక్కనున్న మెడికల్ షాపాయన తన స్క్రీన్ వదిలేసి కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. ఆ చూపు మావయ్యకి కొత్త కాదు. చెకింగ్ ఎక్కగానే టికెట్ లేనివాడు సరిగ్గా అలాగే చూస్తాడు.

"అడగొచ్చుగా" అన్నాడు మెల్లగా.

"మీరడగండి సార్, పెద్దవారు. నన్ను చూస్తే నవ్వుతారు."

మావయ్య స్క్రీన్ మీదా ఎర్రగీతే. కానీ మావగారే లేచి అడిగితే కోడలు నలుగురిలో చిన్నబోదూ? తనూ తలూపాడు. ముప్పై ఏళ్ల సర్వీసు తర్వాత, టికెట్ లేని ప్రయాణం ఎలా ఉంటుందో ఆ రోజు తెలిసింది.

సాయంత్రం భోజనాల బల్ల మీద ఫారాలు పరుచుకుని కోడలు పైకి చదువుతోంది. "'సూపర్ మేడమ్.' ఐదు. 'టీ చల్లారిపోయింది.' మూడు."

"టీ మార్కులు కూడా నీ ఖాతాలోనేనా?" అన్నాడు మొగుడు.

తర్వాతి ఫారం దగ్గర ఆమె గొంతు తగ్గింది. "'గోడకి పాఠం చెప్పారు. అర్థమైందా అని అడిగి, జవాబు వినకుండా వెళ్లిపోయారు. తొమ్మిదిమంది లాగిన్ దగ్గరే ఆగిపోయి, సిగ్గుపడి తలూపారు. నాతో పది.' రెండు."

"ఎవడో కడుపుమంటగాడు. వదిలెయ్."

సోఫాలో ఉతికిన బట్టలు మడతపెడుతున్న మావయ్య తలెత్తలేదు. "ఆ కడుపుమంటగాణ్ని నేనేరా."

కొడుకు కుర్చీ ఇటు తిప్పాడు. "అప్పుడు మేనమామని పట్టిచ్చావు, ఇప్పుడు దీన్నా? ఐదు వేస్తే నీదేం పోయింది నాన్నా?"

"నాదేం పోదు. ఆ తొమ్మిదిమందీ రేపు రారు."

కోడలు ఫారం తీసుకుని గదిలోకి వెళ్లి తలుపేసుకుంది. మావయ్య ఒకే తువ్వాలుని మూడుసార్లు మడిచి విప్పాడు. ఎంతోమందిని నడిదారిలో బస్సు దింపిన చెయ్యి అది. ఇంట్లో మనిషిని దింపడం ఇంత కష్టమని దానికి తెలియదు.

అరగంటకి తలుపు తెరుచుకుంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"ఆ తొమ్మిదిమందీ ఎక్కడెక్కడ కూర్చున్నారో గుర్తుందా మావయ్యా?"

మావయ్య న్యూస్‌పేపర్ అంచు మీద కుర్చీల బొమ్మ గీసి, తొమ్మిదింటికీ సున్నాలు చుట్టాడు. ఆమె దాన్ని చాలాసేపు చూసి, వంటింటి గుమ్మంలో నిలబడి రేపటి పాఠం మొదలుపెట్టింది.

"వినపడలా" అన్నాడు సోఫాలోంచి. ఇంకాసేపటికి మళ్లీ, "వినపడలా."

"అర్థమైందా?"

"ఆగమ్మా. మనసులో పదిదాకా లెక్కపెట్టుకో. మనిషికి నోరు పెగలడానికి ఆ మాత్రం టైం కావాలి."

అదృష్టం బావుండి మర్నాడు ఇరవైమందీ వచ్చారు. ఆమె వాళ్లకేసి తిరిగి అడిగింది. ఆగింది. హాల్లో ఏసీ చప్పుడు తప్ప ఏమీ లేదు. పది అయిపోయి పన్నెండు దాకా వచ్చి ఉంటుంది. మెడికల్ షాపాయన గొంతు సవరించుకున్నాడు.

"మేడమ్, నేను నిన్న లాగిన్ దగ్గరే ఉండిపోయానండి."

"నేనూనండి" అంది ముందు వరుసలో ఒకావిడ. తర్వాత ఇంకొకరు. ఎవరో నవ్వారు. ఆ నవ్వుతో అందరి భుజాలూ కిందికి దిగాయి. పాఠం మళ్లీ మొదటికొచ్చింది. సాయంత్రానికి అందరి యాప్‌లూ తెరుచుకున్నాయి కానీ, చెప్పాల్సిన దాంట్లో సగం మిగిలిపోయింది.

కోడలు తెచ్చిచ్చిన రెండు రోజుల ఫారాలూ మేనేజరు కూడి చూశాడు. "మూడు పాయింట్ ఏడు. నాలుగు రాలేదమ్మా."

ఆమె తలూపి బ్యాగు భుజానికి తగిలించుకుంది. మావయ్య గుమ్మం దగ్గర చెప్పులు చూసుకుంటూ నిలబడ్డాడు. తను వేసిన రెండు ఆ సగటులో ఎక్కడుందో ఆయనకి తెలుసు.

మేనేజరు ఫారాలు మళ్లీ తిప్పాడు. "ఇదేంటి, పదకొండుమంది ఇంకో ఆదివారం కావాలని రాశారు? ఇక్కడెవరూ ఇంకో రోజు అడగరే. అయిందంటే చాలు, పరారే." బుర్ర గోక్కున్నాడు. "సరేలే. వచ్చే ఆదివారం హాలు నీదే. బ్యాచ్ కూడా ఇంకెవరికీ ఇవ్వన్లే."

బస్సులో ఇద్దరికీ పక్కపక్కన సీట్లు దొరికాయి. రెండు స్టాపులు దాటాక అడిగింది. "ఇవాళ ఎంత వేశారు మావయ్యా?"

"మూడు."

ఆమెకి నవ్వొచ్చింది. పెద్దగానే నవ్వింది. ముందు సీటులోవాళ్లు వెనక్కి తిరిగి చూశారు.

"అయితే వచ్చే వారం ఎక్కణ్ణుంచి మొదలుపెట్టను?"

"ఫోటో ఎక్కించే దగ్గర్నుంచి. నాది ఇంకా తలకిందులుగానే వస్తోంది."