మురుగు చేరని ప్లాంటు

కరోనా సద్దుమణిగిన ఏడాది, విజయనగరం జిల్లాలో ఒక పట్టణ శివార్లలో కొత్తగా కట్టిన మురుగునీటి శుద్ధి ప్లాంటులో కెమిస్టుగా చేరాను. మా వాడుకలో ఎస్టీపీ. పట్టణం పేరు రాయను. ఇది మా ఊరి కథే అని పది ఊళ్లవాళ్లు అనుకున్నా నాకు అభ్యంతరం లేదు.

ప్లాంటంటే యంత్రాలనుకుంటారు జనం. నిజానికి అక్కడ పని చేసేవి సూక్ష్మజీవులు. ఎయిరేషన్ ట్యాంకు అనే పెద్ద తొట్టెలో బ్లోయర్లతో గాలి కొడుతుంటే అవి మురుగును తిని నీటిని తేటపరుస్తాయి. మొదట్లో వాటిని పెంచడానికి పేడ కలుపుతాం. దాన్ని సీడింగ్ అంటారు. పాలకు తోడు వేసినట్టన్నమాట.

ఆ పేడ తెచ్చేది సింహాచలం మావ. ప్లాంటు కట్టిన నేల ఒకప్పుడు ఆయనదే. మిగిలిన పొలం పక్కనే, గెడ్డ ఒడ్డున ఉంది. పట్టణం కాలువలన్నీ ఆ గెడ్డలోనే పడతాయి. ఆ నల్లనీటికి పంట దెబ్బతింటోంది, మడిలో దిగితే కాళ్లు పుళ్లు పడుతున్నాయి. శుద్ధి చేసిన నీళ్లు ముందు నీ పొలానికే ఇస్తామని అధికారులిచ్చిన మాట మీద ఆయన నేల వదులుకున్నాడు.

ఒకరోజు తొట్టెలోకి తొంగి చూసి అడిగాడు. "ఈ పురుగులకి మేతేటి తల్లీ?"

"ఊళ్లో మురుగే మావా."

"మరదెప్పుడొస్తాది? పేడతోటి ఎన్నాల్లు సాకుతావు?"

వీధి వీధికీ పైపులు వేశారు గానీ ఇళ్లకు కలపలేదు. ప్లాంటు ఒక పథకం, ఇంటి కనెక్షన్లు ఇంకో పథకం. ఆ రెండోది వచ్చేలోగా మూడో పథకం కింద సిమెంటు రోడ్లు పడి, మేన్‌హోల్ మూతలు వాటి అడుక్కి వెళ్లిపోయాయి. కొత్త రోడ్డు తవ్వడానికి అనుమతి రాదు. ఎవరికి వారే యమునా తీరే. అందరూ తమ పని బాగానే పూర్తి చేశారు, మురుగు మాత్రం పాత కాలువల్లోంచి గెడ్డలోకే పోతోంది. నేను పైకి రాశాను, మా ఇంజనీరు గారూ రాశారు.

ఇంతలో పైనుంచి పెద్దలు చూడటానికి వస్తున్నారన్నారు. ట్యాంకర్లతో బోరు నీళ్లు తెచ్చి తొట్టెలు నింపారు. మావ చేత పేడ వేయించారు. బ్లోయర్లు మోగాయి, నురగ లేచింది, తేట నీళ్లు మావ పొలం వైపు కాలువలోకి పారాయి. వచ్చినవాళ్లలో పెద్దాయన ఆ నీటిని సీసాలో పట్టి చూసి, మావ భుజం మీద చెయ్యి వేసి, "ఇక నీ పొలానికి కరువు లేదు" అన్నాడు. చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

సాయంత్రం మావకు విడమరచి చెప్పాను. "అవి బోరు నీళ్లు మావా. రేపటికి ఆగిపోతాయి. నాట్లు వెయ్యకు."

"ట్యాంకర్లు నానూ సూసినాను తల్లీ," అన్నాడు నవ్వుతూ. "అంతమంది ముందల సెప్పీసినాక ఆపీస్తారేటి? ఆల్లకి సిగ్గుండదా?"

సిగ్గు మీద అంత నమ్మకమున్న మనిషిని నేను మళ్లీ చూడలేదు.

నాట్లు వేశాడు. నీళ్లు ఆగిపోయాయి. రోజూ వచ్చి గేటు దగ్గర నిలబడేవాడు, నీళ్లేవీ అని అడిగేవాడు. చివరికి గెడ్డలో ఇంజిను పెట్టి ఆ నల్లనీళ్లే తోడుకున్నాడు. మురుగులోని నత్రజని ఎక్కువై పైరు ఏపుగా, పచ్చగా పెరిగింది. వెన్నులు తీసి చూస్తే అన్నీ తాలు. గట్టు మీద కూర్చుని తాలు గింజలు నలుపుతున్న ఆయన్ని చూసి నాకు ఏడుపొచ్చింది. ఆ ఏడే పశువుల్ని అమ్మేశాడు.

నా తొట్టెలోనూ అదే గతి. ఆ నీటిని గాజు జాడీలో పట్టి అరగంట ఉంచితే గోధుమరంగు బురద అడుగుకు దిగాలి, మట్టివాసన రావాలి. నాకు నల్లగా, కుళ్లు వాసనతో వచ్చింది. మేత లేక సూక్ష్మజీవులన్నీ చచ్చిపోయాయి.

మావ పొలం బీడు పెట్టి, ప్లాంటులో కాపలా పని అడిగాడు. ఇచ్చారు.

మొన్న ఇంకో బృందం వచ్చింది. మళ్లీ ట్యాంకర్లు, మళ్లీ పేడ. ఇప్పుడు మావ ఆ పేడ ఊళ్లో అడిగి తెస్తున్నాడు. బృందంలో ఒకావిడ ఆయన్నే అడిగింది, "నీళ్లు పొలాలకు అందుతున్నాయా?" అని.

"అందుతన్నాయమ్మా. బాగున్నాయి," అన్నాడు మావ.

వాళ్లు వెళ్లాక అడిగాను. "ఎందుకలా చెప్పావు మావా?"

"నిజం సెప్తే నీల్లొస్తాయేటి? ఉన్న పనీ పోతాది."

చచ్చిన తొట్టెను మళ్లీ బతికించడం నాకు తెలుసు. పేడ, గాలి, మురుగు ఉంటే చాలు. కానీ ఈ ఉద్యోగం నాకు నేర్పింది వేరు. నీళ్లేవీ అని అడిగే రైతు ఒకడు బయట ఉన్నంతకాలమే ప్లాంటు ఎప్పటికైనా నడుస్తుందన్న ఆశ. ఇప్పుడు అడిగేవాడు లేడు. లోపల ఉన్నవాళ్లం అందరం జీతగాళ్లమే.