ఎర్ర చుక్క క్యాసెట్

సుధాకర్ గాడు ఇయ్యాల చాయ్‌కి ఎందుకు రాలేదని అడుగుతున్నరు గద? చెప్తా. ముందు ఆ ఉస్మానియా బిస్కెట్ ఇటు జరుపున్రి, ఖాళీ కడుపుతోని చెప్పే ముచ్చట కాదు. పోయిన శనివారం నాచారంల అరవై మంది ముందట నా ఇజ్జత్ పోయింది. ఎవడో తీసింది కాదు. నేనే తీసుకున్న, నా చేతులతోని, నేను పెట్టిన ఎర్ర చుక్కతోని!

నాకు హౌస్ మ్యూజిక్ పిచ్చి, మీకు తెల్వంది కాదు. ఫ్యాక్టరీల నాది ప్యాకింగ్ సెక్షన్. పక్క షెడ్డుల ప్రెస్ మిషన్ పొద్దున ఎనిమిది నుంచి ధబ్ ధబ్ ధబ్ అని ఒక్క తీరుగ కొడ్తనే ఉంటది. రెండేండ్ల కింద మా చిన్నమ్మ కొడుకు బొంబాయి నుంచి ఒక క్యాసెట్ తెచ్చి వినిపిస్తే, అగో, గిది మా మిషనే గదరా అనిపించింది. కాకపోతే సంతోషంల ఉన్న మిషన్. హీరో లేడు, హీరోయిన్ లేదు, కథ లేదు. ఒక్కటే దెబ్బ పోతాంటది, పోతాంటది, మెల్లగ ఇంకో దెబ్బ వచ్చి దాంట్ల కలుస్తది. ఆ రోజు నుంచి నాకు వేరే పాట చెవికి ఎక్కలేదు.

మన సిటీల దీనికి మస్తు సీన్ ఉందని పేపర్ల రాస్తరు. ఏడున్నది సీన్? పెద్ద హోటళ్లల్ల రెండో మూడో డిస్కోలు, అన్ని ఊరికి ఆ చివర. మనం నాచారం నుంచి రెండు బస్సులు మారి, ఇస్త్రీ అంగీ చెమటకు ముద్దయి ఆడికి పోతే, గేటు కాడ ఉన్నోడు "కపుల్స్ ఓన్లీ" అంటడు. "నేను, సుధాకర్, ఇద్దరం ఉన్నం గదన్నా" అన్న. వాడు మా చెప్పుల దిక్కు చూసిండు. మొఖం చూస్తే ఏమన్న చెప్పుకోవచ్చు. చెప్పులు చూస్తే ఏం చెప్పుకుంటం?

ఒకసారి సుధాకర్ వాళ్ల బావ ఆడ ఎలక్ట్రిషన్ పనికి పోతుంటే, మేం వైర్లు మోసుకుంట లోపల్కి పోయినం. మధ్యాహ్నం జామ్ సెషన్, అంటే పగటి డిస్కో, నడుస్తుంది. ఏముంది లోపల? సినిమా పాట కింద డ్రమ్ములు అతికించి, అదే రీమిక్స్ గంటల నాలుగుసార్లు ఏస్తున్నరు. హౌస్ పెట్టున్రి అంటే డీజే నన్ను పిచ్చోని లెక్క చూసిండు. కార్లల్ల వచ్చిన పిల్లలు సోఫాలల్ల కూసొని కూల్ డ్రింక్ తాగుతున్నరు. ఆడేటోళ్లను లోపల్కి రానియ్యరు, లోపల ఉన్నోళ్లు ఆడరు. ఇదీ సీన్! కడుపు మండదా మరి?

ఆ డిస్కోకు మేనేజర్ విక్కీ. అసలు పేరు వెంకటేశం, మన పక్క కాప్రా ఆయనే. హోటల్ల అడుగు పెట్టంగనే తెలుగు మర్చిపోయిండు. ఆయన వెంబడి మూడు నెలలు తిరిగిన. యాష్టకొచ్చి ఒకరోజు "ఓకే డేవిడ్, మీ ఏరియాలనే ఒక జామ్ సెషన్ పెట్టు. ఐ విల్ కమ్ అండ్ సీ. పబ్లిక్ డాన్స్ చేస్తే సాటర్‌డే ఆఫ్టర్‌నూన్ స్లాట్ నీదే" అన్నడు. అర్థమైతుందా మీకు? డీజే ఉద్యోగం! డబ్బాలకు టేపు చుట్టే ఈ చేతులకు!

ఇప్పుడు మా డాడీ సంగతి చెప్పాలె, లేకపోతే కథ తెల్వదు. చర్చిల రికార్డింగ్ అంత మా డాడీదే. ప్రతి ఆదివారం టూ-ఇన్-వన్ టేప్ రికార్డర్ భుజానేసుకొని పోతడు, మా పాస్టర్ అయ్యగారి సందేశం, ప్రార్థన రికార్డ్ జేస్తడు. మంచం పట్టి చర్చికి రాలేనోళ్లకు ఆ క్యాసెట్లు సైకిల్ మీద ఇంటింటికి ఇచ్చొస్తడు. మంచి పనే, కాదంటలేను. కానీ ఇంట్ల వేరే మ్యూజిక్ కనబడ్డదంటే రీలు మొత్తం గుంజి చెత్తల పారేస్తడు.

అందుకని నేనేం చేసిన? మస్తు తెలివి! డాడీ కొనే కంపెనీ క్యాసెట్లే నేను కొన్న. వాటి మీద డాడీ చేతిరాత లెక్కనే "ఆదివారం సందేశం" అని రాసిన. తీస్కపోయి డాడీ షెల్ఫ్‌లనే పెట్టిన. పోలీస్ స్టేషన్ల దాక్కున్న దొంగను ఎవడు పట్టుకుంటడు చెప్పున్రి? నాకు గుర్తుండాలని మూలకు ఎర్ర పెన్నుతోని చిన్న చుక్క పెట్టిన. నా అంత హుషారోడు నాచారంల లేడనుకున్న.

శనివారం పొద్దున షెల్ఫ్ చూస్తే ఎర్ర చుక్కలవి రెండు క్యాసెట్లు కనబడ్డయి. నావి రెండే, ఉన్నయి, సంచిల ఏసుకొని పోయిన. ఇంతవరకు బాగనే ఉన్నది.

హాలు మల్లేశన్నది. టెంట్ హౌస్ నడుపుతడు, దుకాణం మీదనే చిన్న ఫంక్షన్ హాలు. మధ్యాహ్నం మూడు గంటలకు ఎండ దంచుతుంటే కిటికీలన్నిటికి నల్ల బట్టలు కట్టినం. "పట్టపగలు చీకటి జేసుకొని మళ్ల లైట్లు పెట్టుకునుడేందిరా డేవిడు?" అన్నడు మల్లేశన్న. "డిస్కో గిట్లనే ఉంటదన్నా" అన్న. లైట్లు సుధాకర్ చూసుకున్నడు, పెండ్లి బరాత్‌ల గుండ్రంగ తిరిగే లైటు. నేను రెండు క్యాసెట్ డెక్కులు, పాటలు కలిపే మిక్సర్ పెట్టుకొని నిలబడ్డ.

మా కాలనీ పొల్లగాండ్లను, పొల్లలను పిలిస్తే, డిస్కో అంటే ఏందో చూద్దామని వాళ్ల అమ్మలు, నాయనలు కూడ వచ్చిన్రు. సగంకన్న ఎక్కువ మా చర్చోళ్లే. నేను కుర్చీలన్ని ఒక మూలకు పేర్చి పెట్టిన. వచ్చినోళ్లు వచ్చినట్టే కుర్చీలు దించుకొని వరుసలు ఏసుకున్నరు. ఆడోళ్లు ఒక దిక్కు, మొగోళ్లు ఒక దిక్కు. నడుమ తోవ కూడ ఇడిసిపెట్టిన్రు!

మొదటి క్యాసెట్ పెట్టిన. అది నాదే, మంచిగనే పోతుంది. ధబ్ ధబ్ ధబ్. ఇరవై నిమిషాలైంది, ఒక్కడు కదుల్తలేడు. ముందు వరుసల రూతమ్మ ఆంటీ లేచి నా దగ్గరికొచ్చి చెవిల అడిగింది: "బాబూ, మైకు బాగైందా? పాట ఎప్పుడు మొదలైతది?"

"ఇదే పాట ఆంటీ."

"అయ్యో" అని నా మొఖం దిక్కు జాలిగ చూసి పోయి కూసుంది. ఆ "అయ్యో" ఉన్నది చూడున్రి, అది నాకు ఇప్పటికీ ఇనబడ్తుంది.

అయినా నేను వదల్లే. ముప్పై నిమిషాలకు సుధాకర్ గాడు తల ఊపుడు పెట్టిండు. ఇద్దరు ముగ్గురు కాళ్లు ఆడిస్తున్నరు. వెనక వరుసల ఆడపిల్లలు లేచి నిలబడ్డరు. కుర్చీలు జరుగుతున్నయి! సరిగ్గ అప్పుడే తలుపు తీసుకొని విక్కీ వచ్చిండు, నల్ల అద్దాలు పెట్టుకొని.

ఇగ నాకు పూనకమొచ్చింది. రెండో క్యాసెట్ల ఉన్నదే నా అసలు మిక్స్, నాలుగు వారాలు కూసొని కలిపింది. ఇంటి దగ్గరనే సరిగ్గ దెబ్బ కాడికి తిప్పి పెట్టుకున్న. మామూలుగైతే ముందు హెడ్‌ఫోన్ల ఇని పెట్టాలె. కానీ విక్కీ చూస్తుండు గద! ఇనకుంట, చూడకుంట పెట్టేటోడే అసలు డీజే అని నా ఫోజు. సౌండ్ ఫుల్ పెంచిన. ఎడమ చెయ్యి పైకి లేపిన. కండ్లు మూసిన. మొదటిది టక్కున ఆపి రెండోది ఇడిసిన.

"ప్రియమైన సహోదరీ సహోదరులారా! మనమందరం తలలు వంచి, కండ్లు మూసుకొని, ప్రార్థనలో ఏకీభవిద్దాం."

మా అయ్యగారు! ఫుల్ సౌండ్ల!

ఎవడన్న నవ్వితే బతికిపోతుంటి. ఎవడూ నవ్వలే. ఆ గొంతు ఇనంగనే అరవై తలలు ఒక్కసారి వంగినయి. అమ్మలు కొంగులు తల మీదికి గుంజుకున్నరు. కాళ్లాడిస్తున్న పొల్లగాండ్లు టోపీలు తీసి చేతుల పట్టుకున్నరు. మల్లేశన్నకు చర్చితోని సంబంధం లేదు, ఆయన కూడ తలుపు కాడ చేతులు కట్టుకొని నిలబడ్డడు. వంచిన తలల మీద సుధాకర్ లైటు ఎరుపు, పచ్చ, నీలం తిరుగుతనే ఉంది.

ఆపొచ్చు గద అంటరు. ఎట్ల ఆపాలె భయ్? నడుమ ప్రార్థనల బటన్ నొక్కితే రూతమ్మ ఆంటీ పోయి డాడీకి చెప్పదా? నిజం చెప్పాల్నంటే, నా తల కూడ వంగింది. చిన్నప్పటి అలవాటు, దానంతట అదే వంగింది. పైకి లేపిన ఎడమ చెయ్యి అట్లనే ఉన్నది.

అయ్యగారి ముగింపు ప్రార్థన పది నిమిషాలకు తక్కువ ఉండదు. దేశం కొరకు, వానల కొరకు, పరీక్షలు రాసే పిల్లల కొరకు. తర్వాత, "ఉప్పల్‌లో ఏడాది నుంచి మంచం మీద ఉన్న మా సహోదరి సుగుణమ్మ కొరకు..." అన్నడు. ప్రతి శనివారం పొద్దున డాడీ ఆమెకు క్యాసెట్ ఇచ్చొస్తడు, ఇది ఆ పెద్దమ్మకు పోవాల్సింది. ఇది నా దగ్గర ఉన్నదంటే, నా నాలుగు వారాల మిక్స్ ఏడున్నది?

డాడీని తర్వాత అడిగితే చెప్పిండు. "నువ్వు కొత్త క్యాసెట్ల మీద ఎర్ర చుక్క పెట్టినవు గదరా, పద్ధతి మంచిగనిపించింది. నేను గూడ మొన్న ఆదివారం క్యాసెట్ మీద అసొంటి చుక్కనే పెట్టిన" అన్నడు. ముగింపు ప్రార్థన సరిగ్గ వచ్చిందా లేదా అని ఇని, మళ్ల దాని మొదటికే తిప్పి షెల్ఫ్‌ల పెట్టిండట. శనివారం పొద్దున నాకన్న ముందే చేతికి అందిన చుక్కను తీస్కపోయి సుగుణమ్మకు ఇచ్చిండు. నన్ను జన్మల ఒక్కసారి మెచ్చుకున్నడు, అదీ దీనికి!

"ఆమేన్!" అన్నరు అందరు. హాలు దద్దరిల్లింది. రెండేండ్ల నుంచి నేను ఎదురుచూసిన సౌండ్ అది, జనం అంత ఒక్కసారి ఒక్క దెబ్బ మీద. అంతే, అందరు లేచి నిలబడి బయటికి నడుస్తున్నరు.

"ఏడికి ఆంటీ? ఇంక గంటన్నర ఉంది!"

"ముగింపు ప్రార్థన అయింది గదా బాబూ. చాయ్, బిస్కెట్లు ఎక్కడ పెట్టిన్రు?" అన్నది రూతమ్మ ఆంటీ.

తప్పేం లేదు. మాకు ఏ కూడిక అయినా ముగింపు ప్రార్థన తర్వాత చాయే. దాని తర్వాత మళ్ల మొదలు పెట్టుడు మా తాత కాలం నుంచి లేదు. జనం మెట్ల మీద నిలబడి చాయ్ కొరకు చూస్తున్నరు. గప్పుడు సుధాకర్ గాడు, "అరె, జనం పోతున్నర్రా" అని వాని లైట్ల డబ్బాల ఉన్న బరాత్ బ్యాండ్ క్యాసెట్ తీసి డెక్కుల ఏసిండు. మర్ఫా డప్పుల దెబ్బ పడంగనే మెట్ల మీదికెళ్లి ఉరికొచ్చిన్రు! కుర్చీలు ఎటు పోయినయో తెల్వదు. మల్లేశన్న దస్తీ నోట్ల పెట్టుకొని ఆడిండు. రూతమ్మ ఆంటీ కూడ చప్పట్లు కొట్టింది.

విక్కీ నల్ల అద్దాలు తీసి నా దగ్గరికొచ్చిండు. ఆ రోజు మొదటిసారి అచ్చ తెలుగుల మాట్లాడిండు. "తమ్మీ, నీ క్యాసెట్‌కు జనం తల వంచిన్రు, నేను గూడ వంచిన. కానీ నాకు తల వంచేటోళ్లు కాదు, నడుము వంచేటోళ్లు గావాలె." తర్వాత సుధాకర్ దిక్కు తిరిగి, "సాటర్‌డే వస్తవా?" అన్నడు.

వాడు నా దిక్కు ఒక్కసారి చూసిండు. వస్త సార్ అన్నడు. అందుకే ఇయ్యాల చాయ్‌కి రాలే. శనివారానికి కొత్త బూట్లు కొననీకి పోయిండట. వాన్ని తిట్టబుద్ధైతది, కానీ వాని జాగల నేనున్నా పోతుంటి, అదే ఇంక మండుతది.

నేను మాత్రం సంచి ఆడనే ఇడిసిపెట్టి, సైకిల్ తీసుకొని ఉప్పల్‌కు ఉరికిన. ముసలామె ఆ ధబ్ ధబ్ ఇని ఏమైందో ఏమో! అయ్యగారికి తెలిస్తే? డాడీకి తెలిస్తే? గల్లీ మొదట్లనే ఇనబడ్డది, నా మిక్స్. పెద్దమ్మ కోడలు తలుపు కాడ నిలబడి, "చెప్పులు బయట ఇడువు" అన్నది.

పెద్దమ్మ మంచం మీద పండుకొని ఉంది. టేప్ రికార్డర్ దిండు పక్కన.

"పెద్దమ్మా, తప్పు క్యాసెట్ వచ్చింది, మాఫ్ చెయ్యి" అన్న.

"ఏ తప్పు నాయనా? రెండుసార్లు ఇన్న. ఈ వారం అయ్యగారు ఏం మాట్లాడలే, పానం హాయిగున్నది" అన్నది. "ఏడాది నుంచి వచ్చినోళ్లంత ఓపిక పట్టు, ఓపిక పట్టు అనేటోళ్లే. ఇది ఒక్కటే ఏం జెప్పలే. ఊకె నాతోని కూసుంది."

దుప్పటి కింద ఆమె కాలి బొటనవేలు ఆడుతుంది. లెక్క తప్పకుంట, దెబ్బ దెబ్బకు. నాకు ఏడుపొచ్చింది, సిగ్గెందుకు.

"డాడీకి చెప్పకు" అన్నది. "ఇది నా దగ్గరనే ఉండని. రెండో పక్కకు ఏమన్న ఎక్కించి వచ్చే శనివారం తీసుకరా."

గట్ల నా ఉద్యోగం పోయింది, దోస్తు పోయిండు, క్యాసెట్ కూడ పోయింది. హైదరాబాద్ మొత్తం మీద హౌస్ మ్యూజిక్‌కు ఉన్న డాన్సర్ ఒక్కతే, ఆమె మంచం దిగలేదు. అయినా శనివారం మధ్యాహ్నం స్లాట్ మాత్రం నాకు దొరికింది భయ్. ఆడ కూడ నా చెప్పుల దిక్కే చూసిన్రు, కానీ ఇడిసినంక లోపల్కి రానిచ్చిన్రు.