ఏడో జెండా దగ్గర వంపు

నిన్న మన స్కూల్ గ్రూపులో ఎవరో పెట్టిన గోల్ఫ్ రిసార్ట్ ఫోటో చూశారు కదా? చెరువు వెంట పచ్చటి గడ్డి, బంతి పడాల్సిన గుంటలకు గుర్తుగా జెండాలు, ఏడో జెండా దగ్గర ఉన్నట్టుండి ఎడమకు తిరిగిన వంపు. "డిజైన్ అదిరింది" అని అందరూ తెగ మెచ్చుకున్నారు. నాకు మాత్రం ముక్కులో మిరప ఘాటు కొట్టింది.

అది మా మిరప చేనురా. గుర్తుందా, ఆదివారాలు కాయ కోతలకొచ్చి తుమ్ములు ఆపుకోలేక చచ్చేవాళ్లం? ఆ చేను మూల పసుపు రాసిన చిన్న రాయి ఉండేది. మూడు నెలలకే పోయిన మా చెల్లిని అక్కడే పూడ్చారు. కోతల రోజుల్లో అమ్మ క్యారేజీ విప్పగానే మొదటి ముద్ద ఆ రాయి దగ్గరే పెట్టేది.

మనం తొమ్మిదో తరగతిలో ఉండగా నాన్న చేను అమ్మేశాడు. గోల్ఫ్ కోర్సు డిజైన్ చేసే పెద్దాయన ఎర్ర గుడ్డలు కట్టిన కర్రలు వరసగా పాతించుకుంటూ వచ్చాడు. అమ్మ వెళ్లి రాయి పక్కన కూర్చుంది.

"ఏంటమ్మా, ఇక్కడేముంది?" అన్నాడాయన.

"మా చంటిది పడుకునుందండి. లేపకండి."

ఆయన టోపీ తీశాడు. తర్వాత కర్రలు పీకించి ఎడమ పక్కకు పాతించాడు. ఆ వంపు అలా వచ్చింది.

ఫోటోలో రాయి లేదు. ఎప్పుడు తీసేశారో తెలియదు. అమ్మకు చూపించకూడదనుకున్నాను గానీ, ఫోను లాక్కుని చాలాసేపు చూసింది. రాయి సంగతి అడగలేదు.

"బంతులు అంతెత్తు నుంచి పడతాయంటగా," అంది. "పడ్డప్పుడల్లా చంటిది ఉలిక్కిపడుద్దేమో."