ఆకుపచ్చ పెట్టిన రోజు

గిలకలదిండి వైపు నుంచి గాలి తిరిగి, బందరులోని మా ఆఫీసు కిటికీలోంచి ఉప్పుబురద వాసన వచ్చిందంటే నాకు రత్నకుమారి గారు గుర్తొస్తారు. ఉద్యోగంలో నా మొదటి పై అధికారి ఆవిడ. ఉపగ్రహ చిత్రాలు చూసి, దివిసీమలో మడ అడవి ఎక్కడెక్కడ పోయి చెరువులయిందో మ్యాపుల్లో గుర్తించడం మా పని. ఆదివారం చర్చిలో పాడే గొంతు ఆవిడది. పని చేస్తూ కూడా కూనిరాగం తీసేవారు. తెర మీద ఏదైనా తేడా కనిపిస్తే మాత్రం రాగం ఆగిపోయేది.

ఒకనాడు అలాగే ఆగింది. సముద్రానికి దగ్గర్లో ఉన్న ఒక పాత రొయ్యల చెరువును నేను ఎప్పటిలాగే నీలం రంగుతో నింపుతున్నాను. మా మ్యాపుల్లో చెరువుకు నీలం, మడ అడవికి ఆకుపచ్చ. ఆవిడ నా కుర్చీ వెనక నిలబడి, అంతకుముందు చిత్రాలు కూడా తెరవమన్నారు.

"గట్టు తెగి ఉంది చూడమ్మా. అన్నిట్లోనూ తెగే ఉంది. రొయ్యలు పెంచేవాళ్ళు తెగిన గట్టును ఇన్నాళ్ళు వదిలేస్తారా?"

మర్నాడే రిపోర్టు పంపాలి. అది చెరువేనని మేం రాసేస్తే, అక్కడ మళ్ళీ రొయ్యలు వేసుకోవడానికి ఎవరికీ అడ్డుండదు. ఆవిడ పైవాళ్ళకు ఫోను చేసి ఇంకాస్త గడువు అడిగారు. పొద్దున్నే బస్సులో అవనిగడ్డ వెళ్ళి, అక్కణ్ణుంచి ఆటోలో, ఆ తర్వాత పడవలో పాయ వెంబడి వెళ్ళాం. పోటు తగ్గి నీళ్ళు దిగుతున్నాయి. చెరువు నిండా మోకాలెత్తు మడ మొక్కలు. మాకు దొరికిన చిత్రాలన్నీ సముద్రం పోటు మీద ఉన్నప్పటివి. మొక్కలు నీళ్ళ కింద ఉండిపోయాయన్నమాట.

పీతలు పడుతున్న ఒకావిడ మమ్మల్ని చూసి దగ్గరకొచ్చింది. చెరువు వేసినవాళ్ళు వదిలేసి పోయాక, ఊళ్ళో ఆడవాళ్ళందరూ కలిసి మడచెట్ల కాయలు ఏరుకొచ్చి ఆ బురదలో గుచ్చారట.

"గట్టు మేమే కొట్టేశామండీ, ఉప్పునీళ్ళు రావాలని. మళ్ళీ ఉప్పెనొస్తే ఊరికి ఇవే గదండీ అడ్డం," అంది.

రత్నకుమారి గారు చెప్పులు పడవలో విడిచి దిగారు. దిగీ దిగగానే కూరుకుపోయారు. పీతలావిడా నేనూ చెరో చెయ్యి పట్టి లాగుతుంటే ఆవిడ నవ్వు ఆపలేదు. ఆ నవ్వు మాకూ అంటుకుని, పట్టు జారి, ముగ్గురం బురదలో కూలబడ్డాం.

తిరిగొచ్చాక మౌసు నా చేతికిచ్చారు.

"పోయిందని రాయడమే మనకి అలవాటైపోయింది. వచ్చిందని రాసే రోజు ఎప్పుడో గాని రాదు. ఆకుపచ్చ నువ్వే పెట్టమ్మా."

మ్యాపులో అది పెసరగింజంత. ఆ సాయంత్రం ఆఫీసులో అందరికీ ఆవిడ పునుగులు తెప్పించారు. ఆ చెరువుకు మళ్ళీ ఎవరికీ అనుమతి రాలేదు.

ఇప్పుడావిడ రిటైరై గుడివాడలో ఉంటున్నారు. ఆవిడ కుర్చీలో నేను కూర్చుంటున్నాను. కొత్త చిత్రం తెరిచినప్పుడల్లా, పోయినదాని లెక్క తీసే ముందు, పెరిగిందేమైనా ఉందా అని వెతుకుతాను. చాలాసార్లు ఉండదు. ఉన్ననాడు గుడివాడకు ఫోను చేస్తాను. పనివేళలో నా ఫోను వచ్చిందంటే ఆవిడకు తెలిసిపోతుంది. బాగున్నావా అని కూడా అడగరు.

"ఎక్కడమ్మా?" అంటారు.