ఆంటీ మూడో స్క్రీన్

నాకు కోపం ఎక్కువ. ఈ సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు, సింగపూర్‌లో నేను పనిచేసిన ఆఫీసుల్లోనూ చాలామందికి తెలుసు. ప్రొద్దుటూరు నీళ్లు అలాంటివని మా అమ్మ వచ్చినవాళ్లకు సర్దిచెప్పేది. నీళ్లదేం తప్పులేదు. కళ్లెదురుగా ఉన్నదాన్ని లేదంటే నాకు ఒళ్లు మండుతుంది, అంతే. చాంగీ బిజినెస్ పార్కులో ఒక బ్యాంకు పనులు చూసే ఆఫీసులో నేను కాంట్రాక్టు మీద ఉన్న రోజుల్లో ఆ మంట బాగా రేగింది.

అప్పట్లో ఆ చుట్టుపక్కల ఎటు చూసినా కొత్త గాజు భవనాలు లేస్తున్నాయి. పొద్దున ఎక్స్‌పో స్టేషన్‌లో రైలు దిగితే ఎస్కలేటర్ మీద తెలుగు, తమిళం, హిందీ కలిసి వినపడేవి. నేను యూ టీలో ఒక ఫ్లాట్‌లో గది అద్దెకు తీసుకుని, ద్వీపం ఆ చివరి నుంచి ఈ చివరికి రోజూ వచ్చేదాన్ని. రైల్లో సగం దూరం నిద్ర, సగం దూరం తిట్లు. నా పని డెస్క్‌టాప్ సపోర్ట్. ఎవరి కంప్యూటర్ మొండికేసినా మా జట్టుకు ఫిర్యాదు వస్తుంది. దాన్ని టికెట్ అంటారు. తెరవడం వాళ్ల పని, మూయడం మా పని. ఎంత త్వరగా మూస్తే మా సార్‌కు అంత మంచి పేరు.

మా సార్‌ది భీమవరం వైపు. మంచి మాటకారి. అమ్మా అనకుండా ఒక్క మాట కూడా పూర్తిచేసేవారు కాదు. ఆయన పెట్టిన నియమం ఒకటుండేది. మేం ఎవరి సీటు దగ్గరికీ వెళ్లకూడదు. పై అంతస్తులో మా కుర్చీల్లో మేం కూర్చునే, రిమోట్‌గా వాళ్ల కంప్యూటర్‌లోకి వెళ్లి చూడాలి. సీటు దగ్గరికి వెళితే కబుర్లు మొదలవుతాయి, పక్కవాళ్లు మాది కూడా చూడమంటారు, పూట గడిచిపోతుంది. ఆ మాటలో న్యాయం లేదని నేననను.

అందరికంటే ఎక్కువ టికెట్లు పంపేది కింది అంతస్తులోని ఒక ఆంటీ. మలేషియాలో పుట్టిన తెలుగామె. తాతల కాలంలో రబ్బరు తోటలకు వెళ్లిన కుటుంబం. పెళ్లయ్యాక ఉద్యోగం కోసం సింగపూర్ వచ్చి, ఈ బ్యాంకులోనే తల నెరిసింది. ఆమె తెలుగులో శ్రీకాకుళం ఉండేది, తమిళం ఉండేది, మలయ్ కూడా ఉండేది, మాట చివర సింగపూర్ వాళ్ల తోక "లా" ఉండేది. మొదటిసారి ఫోన్ చేసినప్పుడు నా మాట విని తెలుగుపిల్లనని పట్టేసి, "ఏటి పాపా, మకాన్ అయిందా?" అని అడిగింది. భోంచేశావా అని. ఫిర్యాదు చేయడానికి ఫోన్ చేసి అన్నం తిన్నావా అని అడిగిన మనిషిని నేను అంతవరకు చూడలేదు.

బ్యాంకు లావాదేవీలు రెండు వైపులా సరిపోయాయో లేదో చూసి, సాయంత్రం గడువులోగా పంపడం ఆంటీ పని. ఆ పనికి వాడే ప్రోగ్రాం బాగా పాతది, కొత్త కంప్యూటర్ల మీద నడవదు. అందుకని మా జట్టు కొత్త కంప్యూటర్ లోపలే ఒక ఉత్తుత్తి పాత కంప్యూటర్‌ను తయారుచేసి, ప్రోగ్రాంను అందులో పెట్టింది. దాన్ని వర్చువల్ మెషీన్ అంటారు. ఆ వరసలో ప్రతి బల్ల మీదా మూడేసి మానిటర్లు. మిగతావాళ్లు వర్చువల్ మెషీన్‌ను ఒక స్క్రీన్‌లో ఉంచుకుని, తక్కిన రెండింట్లో మెయిలూ చాటింగూ పెట్టుకునేవారు. ఆంటీ మాత్రం దాన్ని మూడు స్క్రీన్లకూ పరిచేది. కాగితాలతో పనిచేసిన కాలం నుంచి ఆమె పద్ధతి అదే. ఎడమవైపు వచ్చినవి, మధ్యలో చూస్తున్నవి, కుడివైపు అయిపోయినవి.

ఆ కుడివైపు స్క్రీన్ ఉన్నట్టుండి నల్లబడేది. మరుక్షణం మిగతా రెండూ బిగుసుకుపోయేవి. మౌస్ కదలదు, కీబోర్డు పలకదు. రీస్టార్ట్ చేస్తే సగం చేసిన పనంతా గంగపాలు. మళ్లీ మొదటి నుంచి చేసేసరికి గడువు దాటిపోయేది. రీస్టార్ట్ అయ్యాక మేం రిమోట్‌గా వెళ్లి చూస్తే ఏ లోపమూ కనిపించేది కాదు. "మన దగ్గర బాగానే ఉంది కదమ్మా, మూసెయ్యండి" అనేవారు సార్. టికెట్‌లో కారణం దగ్గర వాడేవారి పొరపాటు అని పడేది.

అలా పడీపడీ ఒక రోజు ఆ పొరపాట్ల కుప్ప ఆంటీ మేనేజర్ కంట్లో పడింది.

మధ్యాహ్నం ఫుడ్ కోర్టులో ఆంటీ టిష్యూ పొట్లం పెట్టి నాకు కుర్చీ చోప్ చేసి, అంటే ఇంకెవరూ కూర్చోకుండా ఆపి ఉంచింది. నేను కూర్చోగానే చెప్పింది. ఈ నెలాఖరు దాకా చూసి, అప్పటికీ ఇలాగే ఉంటే ఆమెను ఆ సీటు నుంచి తీసి రికార్డు గదిలో వేస్తారట. రికార్డు గదికి పంపడమంటే ఇంటికి వెళ్లమని మర్యాదగా చెప్పడమేనని ఆ ఆఫీసులో చిన్న ఉద్యోగికి కూడా తెలుసు.

"నాకు వయసైపోయిందంట లా. కంప్యూటర్ రాదంట. నేను అబద్ధం ఆడతన్నానేటి పాపా? నా కళ్లు పోయాయా?"

ఆమె ఏడుస్తుందేమోనని భయపడ్డాను. ఏడవలేదు. చెంచాను పళ్లెంలో ఠంగున పడేసింది. ఆమె కోపం చూశాక నాది కూడా లేచింది. నేరుగా సార్ దగ్గరికి వెళ్లాను.

"సార్, ఒక్కసారి ఆమె సీటు దగ్గరికి పోయి చూస్తా."

"ఎందుకమ్మా? ఆ వరసలో అందరూ అదే మెషీన్ వాడట్లేదూ? వాళ్లెవరికీ లేని జబ్బు ఆవిడకే ఎందుకొచ్చిందమ్మా? ఆడలేక మద్దెల ఓడంటే, మనం మద్దెల మోసుకుంటూ తిరగాలా?"

"మద్దెల నిజంగానే ఓడయితే సార్?"

"మన దగ్గర మోగుతోంది కదమ్మా."

"మన దగ్గర మోగితే ఏం లాభం సార్? ఆడేది ఆమె కదా."

ఆయన నవ్వారు. నవ్వుతూనే, "నీ కాంట్రాక్టు కూడా రెన్యువల్‌కి వస్తోందమ్మా. ఎందుకు నీకీ గొడవంతా?" అన్నారు. అంత తియ్యగా కూడా బెదిరించవచ్చని నాకు అప్పుడే తెలిసింది. భయం వేయలేదంటే అబద్ధం. కాంట్రాక్టు పోతే ఇక్కడ పనిచేయడానికిచ్చిన పాస్ పోతుంది, పాస్ పోతే దేశం వదిలి వెళ్లాలి. కానీ భయం కంటే మంట ఎక్కువగా ఉంది. లిఫ్టు కోసం ఆగకుండా మెట్లు దిగి కిందికి వెళ్లిపోయాను.

ఆంటీని పక్కన నిలబెట్టి ఆమె కుర్చీలో నేను కూర్చున్నాను. "నువ్వెట్ల చేస్తావో అట్లే చెప్పు ఆంటీ, ఒక్కటి కూడా తప్పకుండా" అన్నాను. ఆమె చెప్పింది, నేను చేశాను. చాలాసేపు ఏమీ కాలేదు. ఆంటీ మొహం వాడిపోతోంది. అయిపోయిన లావాదేవీల విండోను మధ్య స్క్రీన్ నుంచి కుడివైపుకు లాగి, దాన్ని పెద్దది చేసేసరికి, టప్పున నల్లబడింది! వెంటనే మిగతా రెండూ బిగుసుకున్నాయి.

"వచ్చిందిరా దొంగ!" అని గట్టిగా అరిచాను. వరసంతా వెనక్కి తిరిగి చూసింది.

"ఏటి ఆ సంతోషం పాపా, నా పనంతా పోతే?" అంది ఆంటీ. కానీ ఆమె కూడా నవ్వుతోంది.

ఇక పట్టుకోవడమే మిగిలింది. కంప్యూటర్‌కూ స్క్రీన్‌కూ మధ్య దుబాసీలా ఉండే ప్రోగ్రాంను గ్రాఫిక్స్ డ్రైవర్ అంటారు. ముందు దాని కొత్త వెర్షన్ వేశాను. గోరుచుట్టు మీద రోకటిపోటు! మూడు స్క్రీన్లూ నల్లబడ్డాయి. సేఫ్ మోడ్‌లో తెరిచి, గుమ్మడికాయలంత అక్షరాల మధ్య వెతుక్కుంటూ పాత డ్రైవర్ మళ్లీ పెట్టాను. వర్చువల్ మెషీన్ లోపల దానికంటూ వేరే డ్రైవర్ ఉంటుంది. దాన్ని తీసేసి మళ్లీ వేశాను. ఏం మార్పు లేదు. నన్ను నేను తిట్టుకున్నాను, ఆ ప్రోగ్రాం రాసినవాళ్లను తిట్టాను, ఆంటీ తెచ్చిన టీ తాగి మళ్లీ అందరినీ తిట్టాను.

అప్పుడు పైనున్న మా సహోద్యోగికి ఫోన్ చేసి, రిమోట్‌గా ఈ కంప్యూటర్‌లోకి రమ్మన్నాను. అతను వచ్చీరాగానే నా ముందున్న మూడు స్క్రీన్లూ లాక్ అయిపోయాయి. నేను చేసినట్టే అతన్నీ చేయమన్నాను. "నాకు బాగానే ఉందే" అన్నాడు. అప్పుడు వెలిగింది నాకు. రిమోట్‌గా చూసేటప్పుడు బొమ్మ ఈ మూడు స్క్రీన్లకూ పోదు, వాటి డ్రైవర్ గుండా రాదు. వేరే దారిన నేరుగా మా స్క్రీన్ మీదికి వస్తుంది. వీధి తలుపు బిగుసుకుపోయిందమ్మా అని ఆంటీ ఇన్నాళ్లూ మొత్తుకుంటుంటే, మేం దొడ్డితలుపున వచ్చి, బాగానే తెరుచుకుంటోంది కదా అని చెప్పి పోతున్నాం. మా చూసే పద్ధతిలో ఈ జబ్బు కనిపించే వీలే లేదు.

బల్ల కిందికి దూరాను. మూడు కేబుళ్లలో రెండు, స్క్రీన్ల కోసమే విడిగా పెట్టిన గ్రాఫిక్స్ కార్డులో ఉన్నాయి. మూడోది దాన్ని వదిలేసి, కంప్యూటర్‌కు పుట్టుకతో వచ్చిన మామూలు రంధ్రంలో ఉంది. కార్డు మీది మూడో రంధ్రం ఆకారం వేరు, దానికి ఒక కన్వర్టర్ కావాలి. బల్లలు మార్చినప్పుడు అది వెతికే ఓపిక లేక, కేబుల్ ఎక్కడ పడితే అక్కడ గుచ్చేశారు. గుచ్చింది ఎవరో కాదు, మా జట్టే. వర్చువల్ మెషీన్‌ను మూడు స్క్రీన్లకూ పరిస్తే, ఒకే బొమ్మను రెండు వేర్వేరు గ్రాఫిక్స్ చిప్‌లు పంచుకోవాలి. అక్కడ డ్రైవర్ చేతులెత్తేస్తోంది. మిగతావాళ్లు ఎప్పుడూ పరచరు కనుక వాళ్లకు తెలియలేదు. మూడు మానిటర్లనూ పనికోసం వాడిన ఒకే ఒక్క మనిషికే పని రాదని పేరొచ్చింది.

కన్వర్టర్ తెచ్చి మూడో కేబుల్‌ను కార్డులో పెట్టాను. కంప్యూటర్‌తో పుట్టిన మామూలు గ్రాఫిక్స్ చిప్‌ను ఆపేశాను. వర్చువల్ మెషీన్‌కు స్క్రీన్ కోసం ఇచ్చే మెమరీ పెంచాను. పరిచాను, లాగాను, పెద్దది చేశాను, చిన్నది చేశాను. నల్లబడలేదు. ఆంటీని కూర్చోబెట్టాను. ఆరోజూ మర్నాడూ ఆమె గడువుకు ముందే పని ముగించింది.

పక్క సీటులో ఒక చైనీస్ అమ్మాయి ఉండేది. ఆమెను అడిగి, ఆమె వర్చువల్ మెషీన్‌ను మూడింటికీ పరిపించాను. కుడివైపుది నల్లబడింది, అంతా బిగుసుకుంది. ఆ పిల్ల కెవ్వున అరిచింది. ఆంటీ తన స్క్రీన్ మీంచి చూపు తిప్పకుండా, "ఏజ్ లా, వయసైపోయింది" అంది.

ఈ సంగతంతా చెబితే సార్ మొహం మాడిపోయింది. "బాగయింది కదమ్మా. ఆవిడకి ట్రైనింగ్ ఇచ్చామని రాసి మూసెయ్. మిగతా బల్లల కింద కేబుళ్లు నెమ్మదిగా మార్చుకుందాం. మన తప్పని బ్యాంకుకి తెలిస్తే ఏమవుద్దో తెలుసా?"

"తెలుసు సార్. రాయకపోతే ఆంటీకి ఏమైతాదో కూడా తెలుసు."

"మూస్తావా, లేదా?"

"మూస్తా. ఉన్నది ఉన్నట్టు రాసి మూస్తా."

రాశాను. కేబుల్ తప్పు, పెట్టింది మేము, వాడినవారి తప్పు ఏమీ లేదు, ఇంతకుముందు అలా రాసినవన్నీ తప్పే. ఆంటీ మేనేజర్‌కూ పంపాను. అతను స్వయంగా వచ్చాడు. నేను పైనుంచి చూపించలేదు, ఆ వరసలో ఇంకో బల్ల దగ్గర కూర్చోబెట్టి అతని చేతే లాగించాను. నల్లబడింది. అతను మౌస్ వదిలేసి లేచి, బదిలీ మాట ఇక లేదని ఆంటీతో చెప్పాడు. సారీ మాత్రం అనలేదు. అనేదాకా వదలకూడదని నేను నోరు తెరవబోతే, ఆంటీ నా మోచెయ్యి పట్టుకుంది. "ఒగ్గేయ్ పాపా. నాకు గడువుంది" అంది.

నా కాంట్రాక్టు రెన్యువల్ కాలేదు. "నీకు తెలివుందమ్మా, కానీ టీమ్ ప్లేయర్‌వి కాదు" అన్నారు సార్. మీ టీమ్‌కు కానులెండి సార్ అని చెప్పి వచ్చేశాను. మొండివాడు రాజు కన్నా బలవంతుడంటారు. సింగపూర్‌లో మొండిమనిషి పాస్ రద్దయ్యేలోగా ఇంకో ఉద్యోగం కూడా వెతుక్కోవాలి. కాళ్లరిగేలా తిరిగాను. పెట్టె సర్దుకుని మంచం కింద పెట్టుకున్నాక, వన్-నార్త్‌లో ఒక చిన్న కంపెనీ రమ్మంది. ఇంటర్వ్యూలో పాత చోటు ఎందుకు వదిలావని అడిగితే జరిగింది జరిగినట్టు చెప్పాను. నచ్చకపోతే తీసుకోకండి అని కూడా అన్నాను. ఇప్పటికీ నాకు పశ్చాత్తాపం లేదు, రాదు.

ఆ తర్వాత కొన్నేళ్లకు ఒక సాయంత్రం ఆంటీ ఫోన్ చేసింది. "పాపా, ఈరోజుతో నేను పని మానేశాను."

నాకు మండిపోయింది. "ఎవరన్నారు ఆంటీ? ఏమన్నారు? పేరు చెప్పు, నేనొస్తాండా."

"ఎవరూ ఏటీ అన్లేదు లా. ఉండమని బతిమాలారు" అంది. ఆమె గొంతు అంత సంతోషంగా నేనెప్పుడూ వినలేదు. "నా సీట్లోంచి నేనే లేచాను పాపా."