ఆ ఇల్లు అమ్ముతున్నట్టు ఆమెకు తెలుసా?

ఎల్లారెడ్డి సర్కారు దవాఖానలో నేను నర్సును. మా ఆయనకు బస్టాండు దగ్గర మోటార్ వైండింగ్ దుకాణం. పెళ్లయిన నాటి నుంచి కిరాయి ఇండ్లలోనే ఉన్నాం. అమ్మాయికి కామారెడ్డిలో ఇంటర్ సీటు వచ్చాక, హాస్టల్‌కు కట్టే డబ్బు ఏదో సొంతింటికే కడదాం అన్నాడు మా ఆయన. అది జరగాలంటే బ్యాంకు లోను ఒక్కటే దిక్కు. ఎంతమందికో సూదులు వేసిన చెయ్యి నాది. బ్యాంకు కాగితం మీద సంతకం అనేసరికి మాత్రం వెనక్కి లాగేది.

కామారెడ్డిలో ఒక బ్రోకరు చాలా ఇండ్లు చూపించాడు. నచ్చినవి మాకు అందవు, అందినవి నచ్చవు. చివరికి రైలు పట్టాల అవతల ఒక ఇల్లు చూపించాడు. రెండు గదులు, ఒక హాలు, మేడ మీదికి బయటి నుంచి మెట్లు. గోడలు గట్టిగా ఉన్నాయి. ధర మాత్రం ఆ గల్లీలో ఎవరూ చెప్పనంత తక్కువ. ఎందుకని అడిగితే, ఓనర్ దుబాయ్‌లో ఉన్నాడని, అర్జెంటుగా అమ్ముతున్నాడని చెప్పాడు.

మా ఆయన సంబరపడ్డాడు. నాకు మాత్రం ఆ ధర మీద అనుమానం పోలేదు. మర్నాడు డ్యూటీ దిగి ఒక్కదాన్నే మళ్లీ బస్సెక్కాను. గోడల మీద చేత్తో తట్టి చూశాను. కొత్తగా రంగు వేసిన చోట గోటితో గీకి చూశాను. పక్కింటి అవ్వ బియ్యం చెరుగుతుంటే పోయి కూర్చున్నాను. ఈ ఇంట్లో ఎవరైనా చనిపోయారా, కోర్టు గొడవ ఏమైనా ఉందా అని అడిగాను. అలాంటిదేం లేదంది. కిరాయికి ఉన్నవాళ్లు నెల కిందనే ఖాళీ చేశారంది. మరి ఓనర్ భార్య ఎక్కడుంటుందని అడిగాను. అవ్వ చాట పట్టుకుని లోపలికి వెళ్లిపోయింది. ఎంతసేపు కూర్చున్నా మళ్లీ బయటికి రాలేదు.

ఇంటిని అమ్మేది ఓనర్ తమ్ముడు. అన్న తరఫున అమ్మే అధికారం తనకు ఉందని రిజిస్టర్ అయిన కాగితం చూపించాడు. బ్యాంకు వకీలు పాత దస్తావేజులన్నీ చూసి, ఏ తిరకాసూ లేదని రాసిచ్చాడు. ఆ ధైర్యంతోనే మా ఆయన అడ్వాన్సుగా బయానా ఇచ్చేశాడు. ఇచ్చిన తర్వాతే తమ్ముడు అసలు సంగతి చెప్పాడు. ఒప్పందంలో ధర తక్కువ రాద్దామట. మిగతాది చేతికి నగదుగా ఇవ్వాలట. స్టాంపు ఖర్చు మాకే కలిసొస్తుందట. అందరూ ఇట్లే చేస్తారని బ్రోకరు వంత పాడాడు.

నేను బ్యాంకుకు పోయి లోన్లు చూసే మేడం ముందు కూర్చున్నాను. ఆమె పెద్ద వయసుదేమీ కాదు, కాని ఓపిక ఉన్న మనిషి. కాగితం మీద రాసిన ధరలోనే కొంత భాగం మేం పెట్టుకోవాలని, మిగతాది బ్యాంకు ఇస్తుందని చెప్పింది. రాయని ధరకు లోను రాదు. అంటే తమ్ముడు అడిగిన నగదు మొత్తం మా సంచిలోంచే పోవాలి. లోను డబ్బు కూడా మా చేతికి రాదంది. రిజిస్ట్రేషన్ రోజున ఓనర్ పేరు మీద చెక్కు వెళ్తుందంది. మొదటి ఏండ్లలో కట్టే కిస్తులో ఎక్కువ భాగం వడ్డీకే పోతుందని, అసలు నెమ్మదిగా కరుగుతుందని, వడ్డీ రేటు పెరిగితే కిస్తు మారకుండా నెలలే పెరగొచ్చని విడమరిచింది. ఆమె చెప్పేదంతా సబబుగానే ఉంది. అయినా సంతకాల కట్టలో ఒక ఇన్సూరెన్స్ కాగితం కలిసి ఉంది. ఇది లేకుండా లోను రాదా అని అడిగాను. ఆమె కొంచెం నవ్వి, వస్తుంది అని ఆ కాగితం పక్కకు తీసింది. ఆ నవ్వు చూశాక మిగతా కాగితాలన్నీ మొదటి నుంచి మళ్లీ చదివాను.

చెక్కు తన పేరు మీద ఇప్పించమని తమ్ముడు అడిగాడు. బ్యాంకు ఒప్పుకోదని చెబితే మొహం మాడ్చుకున్నాడు. అప్పుడు నా అనుమానం గోడల మీది నుంచి మనుషుల మీదికి మళ్లింది. ఓనర్‌తో ఒకసారి మాట్లాడాలన్నాను. సైటు మీద ఫోన్లు పట్టుకోనియ్యరని కొన్నాళ్లు తిప్పించుకున్నాడు. చివరికి ఒక శుక్రవారం మా ఇద్దరినీ కామారెడ్డికి పిలిపించి, ఫోన్ కలిపి నాకిచ్చాడు. ఆ గొంతు ఓనర్‌దేనా అని నాకు నమ్మకం కుదరక, వంటగది కిటికీ ఏ దిక్కున ఉందని అడిగాను. సరిగ్గా చెప్పాడు. తమ్ముడు ఎట్లా చెబితే అట్లే చేయమన్నాడు. ఇంట్లో వాళ్లకు కూడా తెలుసు కదా అన్నాను.

"మా ఇంటి సంగతులు మీకెందుకు మేడం? కాగితం సాఫ్ ఉన్నది కద," అని పెట్టేశాడు.

బస్సులో తిరిగి వస్తూ మా ఆయనతో, నేను దోమకొండ పోతానన్నాను. దస్తావేజులో ఓనర్ ఊరు అదే. మా ఆయనకు కోపం వచ్చింది. వాళ్ల ఆలుమగల నడుమ మనం దూరొద్దన్నాడు. బయానా పోతే ఎవరు ఇస్తారన్నాడు. నాకు మాత్రం ఒక్కటే గుబులు. రేపు మేం సామాను దించుకున్నాక ఒక ఆడమనిషి పిల్లల్ని వెంటేసుకుని గడపలో నిలబడితే, ఏ బ్యాంకు వకీలు వచ్చి ఆమెకు జవాబు చెబుతాడు?

ఆదివారం చర్చిలో ప్రార్థన అయిపోయాక అటు నుంచి అటే బయలుదేరాను. దోమకొండలో బస్సు దిగి ఓనర్ పేరు చెబితే ఒక దుకాణంవాడు దారి చూపించాడు. ఓనర్ భార్య అత్తగారి ఇంటి అరుగు మీద చాటలో తంబాకు పెట్టుకుని బీడీలు చుడుతోంది. నా చేతిలో సంచి, నమ్ముతారని మెడలో వేసుకున్న ఐడీ కార్డు తాడు చూసి చెయ్యి ఆపింది.

"ఏ గ్రూపు నుంచి వచ్చిన్రు? ఈ నెల కిస్తు కట్టిన. రసీదున్నది," అంది.

కిస్తుల మనిషిని కానని, ఎల్లారెడ్డి దవాఖానలో నర్సునని చెప్పాను. అప్పటికీ నమ్మలేదు. కూర్చోమనలేదు. నేను నిలబడే కామారెడ్డి ఇంటి మాట ఎత్తాను. ఆమె చేతిలోని ఆకు అట్లాగే ఉండిపోయింది.

"ఎవలు అమ్ముతున్నరు?"

చెప్పాను. తమ్ముడు, బయానా, నగదు, ఫోన్లో మాట, అన్నీ చెప్పాను. లోపల అత్త దగ్గిన చప్పుడైతే ఆమె గొంతు తగ్గించి, నన్ను సందు చివరికి తీసుకుపోయింది. ఆ ఇంటికి పునాది తవ్విన నాటి నుంచి స్లాబు పోసిన నాటి దాకా తాను దోమకొండ నుంచి రోజూ బస్సులో పోయి గోడలకు నీళ్లు కొట్టిందట. మేస్త్రీ కూలికి తన బీడీల డబ్బులూ పడ్డాయట. మరిది వరి కోత మిషన్ కొంటానని ఏడాది నుంచి అన్న చెవిలో జోరీగ లాగా తిరుగుతున్నాడని మాత్రం ఆమెకు తెలుసు.

ఆమె ఏడుస్తుందనుకున్నాను. బేరం వదిలేయమంటుందనుకున్నాను. ఆమె నన్ను కింది నుంచి మీది దాకా చూసింది.

"నువ్వు వద్దంటె ఇంకొకలు కొంటరు. ఇల్లు ఆయన పేరు మీదనే ఉన్నది, నేనేం ఆపుత? గాని పైసలు ఎవ్వలకు ముడుతయో అది చెప్పక్కా."

బ్యాంకు మేడం నాకు చెప్పిందంతా ఆ సందులో నిలబడి ఆమెకు చెప్పాను. రాసిన ధరకే లోను వస్తుందని, చెక్కు ఓనర్ ఖాతాలోకే పోతుందని. ఆయన మొదటిసారి దుబాయ్ పోయేటప్పుడు దోమకొండ బ్యాంకులో ఇద్దరి పేరు మీద ఖాతా తీశారట. ఇద్దరిలో ఎవరు బ్యాంకుకు వెళ్లినా డబ్బు తీసుకోవచ్చట. ఆ ఖాతాలో వేయిస్తారా అని అడిగింది. ప్రయత్నిస్తానన్నాను. వచ్చేటప్పుడు ఆమె నా ఫోన్ నంబర్ తీసుకుని, అక్కడికక్కడే కలిపి, నా ఫోన్ మోగిందో లేదో చూసుకుంది.

నేను తమ్ముడికి కబురు పెట్టాను. పూర్తి ధర రాయాలి, నగదు ఇవ్వం, చెక్కు ఆ ఖాతాకే అని. అతను మా దుకాణం ముందుకు వచ్చి నిలబడి, నలుగురూ వినేలా మాట్లాడాడు. ఇక బయానా మీద ఆశ వదులుకోమని బ్రోకరు చెప్పిపోయాడు. ఆ రోజుల్లో మా ఇంట్లో మాటలు బంద్. మా ఆయన అన్నం తిని లేచిపోయేవాడు. నాకూ ధైర్యం జారింది. ఆ వదినా మరిదీ ఇద్దరూ కలిసే నన్ను ఆడిస్తున్నారేమో అనే దాకా పోయింది నా బుద్ధి.

తర్వాత ఒకరోజు నేను వార్డులో ఉండగా, భార్య దగ్గర నా నంబర్ తీసుకుని ఓనర్ దుబాయ్ నుంచి ఫోన్ చేశాడు. తన ఇంటికి పొమ్మని నాకెవరు చెప్పారని ఆయన మొదట గట్టిగానే మాట్లాడాడు. నేను విన్నాను. ఆ తర్వాత గొంతు దించి, మొత్తం ఎంతకు బేరం కుదిరిందో ఒకసారి చెప్పమన్నాడు. చెప్పాను. తమ్ముడు ఆయనకు చెప్పిన ధర అంతకన్నా చాలా తక్కువట. ఆయన నన్ను మెచ్చుకోలేదు, తమ్ముణ్ని తిట్టనూలేదు. సెలవు పెట్టి వస్తానన్నాడు.

వచ్చాడు. రిజిస్ట్రేషన్ ఆఫీసులో పూర్తి ధర రాసిన కాగితం మీద ఆయనే సంతకం పెట్టాడు. ఆయన భార్య సాక్షిగా పెట్టింది. ఆలుమగలు ఒకే బెంచీ మీద కూర్చున్నారు, కాని నడుమ ఆమె సంచి ఉంది. బ్యాంకు మేడం చెక్కు ఇచ్చాక ఆమె దాన్ని రెండు దిక్కులా తిప్పి చూసింది. ఇది నిజంగా తమ ఖాతాలోనే పడుతుందా అని మేడంను అడిగింది. అదే మాట పక్కనున్న గుమాస్తాను కూడా అడిగింది. తర్వాత నన్నూ అడిగింది.

వాళ్లిద్దరూ ఆ డబ్బు ఏం చేశారో నాకు తెలియదు. కోత మిషన్ వచ్చిందని ఒకరు, ఆమె పైసా కదలనియ్యలేదని ఒకరు చెప్పారు. నేను అడగలేదు.

మేం ఆ ఇంట్లో దిగిన కొన్నాళ్లకు, కరెంటు మీటరు మా పేరు మీదికి మార్చే కాగితం మీద భర్త సంతకం చేయించుకుని ఆమే వచ్చింది. లోపలికి రమ్మంటే రాలేదు. గుమ్మం దగ్గరే నిలబడి మంచినీళ్లు తాగింది. గ్లాసు ఇస్తూ, బోరు నీళ్లు మంచిగ వస్తున్నాయా అని అడిగింది. వస్తున్నాయన్నాను.

"ఎండకాలం ఆగుతది. మీకు చెప్పలేదా వాళ్లు?" అంది.

ఎవరూ చెప్పలేదు. ఆ ఇంట్లో నేను గోకి చూడని గోడ లేదు గాని, బోరు గురించి అడగాలని నాకు తట్టలేదు. ఆమె వెళ్లాక మా ఆయనను నల్లా కనెక్షన్ కోసం మున్సిపాలిటీకి తరిమాను.