వినీత రికార్డు చేసిన వేములఘాట్

వినీత నా దగ్గర పనికి చేరి అయిదేళ్లు. సిద్దిపేటలో నాది చిన్న డీటీపీ దుకాణం. పెళ్లి పత్రికలు, దరఖాస్తులు, ఫ్లెక్సీలు, అదే బతుకు. నా నోరు మంచిది కాదని బజారంతా అంటుంది, అబద్ధమేమీ కాదు. ఆ నోటిని తట్టుకుని నిలబడ్డది ఈ పిల్ల ఒక్కతే. వాళ్లది వేములఘాట్. ఇప్పుడు ఆ ఊరి మీద మల్లన్నసాగర్ ప్రాజెక్టు నీళ్లున్నాయి. ఇల్లు గజ్వేల్ దగ్గరి నిర్వాసితుల కాలనీకి మారింది. అక్కడినుంచి రోజూ బస్సులో వచ్చిపోతుంది.

వాళ్ల నాన్న బుచ్చిరాములు కల్లు గీసిన మనిషి. ముప్పయ్యేళ్లు నడుముకు మోకు బిగించి, పొద్దునా సాయంత్రం తాటిచెట్లెక్కి ఊరంతటినీ పైనుంచి చూశాడు. ఎవరి ఇంటి పెంకు పగిలిందో, ఎవరి వాకిట్లో ఏం ఎండబోశారో ఆ ఇంటివాళ్లకన్నా ముందు ఆయనకే తెలిసేది. కాలనీలో ఎక్కడానికి చెట్లు లేవు. మోకు గోడకు తగిలించి కూర్చున్నాడు.

గిరాకీ లేని మధ్యాహ్నాల్లో వినీత కంప్యూటర్‌లో ఒక ఆట ఆడేది. ఇటుకల్లాంటి ముక్కలు పేర్చి ఇళ్లూ చెట్లూ బాటలూ కట్టే ఆట. మొదట్లో నేను ఊరుకోలేదు.

"ఇది దుకాణమా, ఆడుకునే జాగనా?" అని అరిచాను.

ఆ పిల్ల తెర నా వైపు తిప్పింది. చిన్నప్పుడు మా మేనత్త ఊరని నేను నాలుగైదుసార్లు వేములఘాట్ పోయాను. తెర మీద ఊరి పంచాయితీలు జరిగే కచ్చీరు గుర్తుపట్టాను, దాని పక్క సందు గుర్తుపట్టాను. నా నోరు ఆ రోజుకు మూతపడింది. రెండేళ్లలో ఊరు ఊరంతా కట్టేసింది. అనుమానం వస్తే బుచ్చిరాములుకు ఫోన్ చేసేది. ఆయన "గా సందుల మూడో ఇల్లు బిడ్డా, గుమ్మం తూర్పుకు" అని చెప్పేవాడు.

పోయిన చలికాలం ఆయన గొంతు బొంగురుపోయింది. తగ్గలేదు. హైదరాబాద్ దవాఖానలో చూసి, గడ్డ ఉంది, స్వరపేటిక మొత్తం తీసేయాలన్నారు. ప్రాణం దక్కుతుంది, మాట పోతుంది. ఆపరేషన్‌కు తొమ్మిది రోజులు గడువు.

మర్నాడు వినీత వచ్చి నా ఎదుట నిలబడ్డది.

"మేడం, బాపుతోని ఊరంతా చెప్పియ్యాలె. ఆటల నేను ఊరు తిప్పుకుంట పోత, ఏ ఇల్లు ఎవరిదో ఆయన నోటితోని చెప్తడు. అది వీడియో కావాలె. నాకు ఆడుడే వచ్చు, రికార్డు చేసుడు రాదు. ఏ సాఫ్ట్‌వేర్ పెట్టుకోవాలె?"

నాకు మాత్రం ఏం తెలుసు? పత్రికలు కొట్టేదాన్ని. తెలియదని చెబితే నా పరువేం కావాలి! ఇద్దరం కూర్చుని వెతికాం. మొదట దించుకున్నదాని మీద ఉచితమని పెద్దక్షరాల్లో ఉంది. తీరా రికార్డు చేస్తే వీడియో నడిమధ్యన కంపెనీ పేరు అడ్డంగా పడింది. కొంటేనే పోతుందట. వినీత ముఖం ఎర్రబడింది.

"మా ఊరి మీద వీని పేరేంది మేడం?" అంది. అయిదేళ్లలో ఆ పిల్లకు కోపం రావడం అదే మొదటిసారి చూడటం.

రెండోది పేరు వేయలేదు కానీ పది నిమిషాలకు ఆగిపోయింది. పది నిమిషాల్లో ఊరు కాదు, ఒక వాడ కూడా ముగియదు. పైగా అది నడుస్తుంటే మా పాత కంప్యూటర్‌లో ఆట తట్టుకుంటూ తట్టుకుంటూ పోయింది. మూడు రోజులు అట్లా పోయాయి. నెట్‌లో ఒక్కొక్కడు ఒక్కొక్క పేరు చెబుతాడు, విన్నకొద్దీ బుర్ర పాడు. చివరకు నేనే విసుక్కున్నాను.

"ఇగ వంద చూడకు. రికార్డు చేసుడు ఒక పని, కత్తిరించి అతికిచ్చుడు ఇంకో పని. బాపు మాట ముందుగాల పట్టుకో. కత్తిరించేది తర్వాతైనా దొరుకుతది."

అప్పుడు ఓబీఎస్ అనే సాఫ్ట్‌వేర్ దొరికింది. నిజంగా ఉచితం, పేరు పడదు, గడువు లేదు. తెర చూస్తే భయమేసే మాట నిజమే, మీటలూ పెట్టెలూ అన్నీ ఉన్నాయి. రెండు రోజులు కుస్తీ పట్టి నేర్చుకుంది. కరెంటు పోయినా అప్పటిదాకా తీసింది పాడుకాని పద్ధతిలో దాచుకోవడం, ఆట చప్పుడు ఒక దారిన, మనిషి మాట ఒక దారిన విడిగా పట్టుకోవడం, అన్నీ చూసుకుంది.

శనివారం బుచ్చిరాములు ఒక్క మాట అడిగాడట: "నా దగ్గు అందరికి వినబడొద్దు బిడ్డా." మాట్లాడితే చాలు, ఆయనకు దగ్గు తెర వచ్చేది. ఉపాయం చెప్పింది నేనే. ఒక మీట నొక్కితే మైకు మూసుకునేట్టు, మళ్లీ నొక్కితే తెరుచుకునేట్టు పెట్టుకోమన్నాను. ఆయన దగ్గగానే నొక్కు, అయిపోగానే నొక్కు. ఎంత తెలివైనదాన్నో అనుకున్నాను.

ఆదివారం దుకాణం మూసి వాళ్లకిచ్చాను. బుచ్చిరాములు, భార్య లింగవ్వ, వినీత లోపల కూర్చున్నారు. నేను బయట మెట్టు మీద కాపలా.

"ఇంక పైకి తీస్కపో బిడ్డా, చెట్టంత ఎత్తుకు," అన్నాడు ఆయన. ఆటలో పైకెగరొచ్చు. వినీత పైకి లేపింది. తర్వాత మొదలుపెట్టాడు. ఏ ఇల్లు ఎవరిది, ఎవరి బాయిల నీళ్లు తియ్యగుంటయి, ఏ అరుగు మీద ఎవరు అప్పడిగి తన్నులు తిన్నరు, అన్నీ. లింగవ్వ నవ్వడం వినిపించింది. నలభై నిమిషాలు చెప్పాడు. దగ్గు వచ్చినప్పుడల్లా మీట టక్కుమనేది, తగ్గాక మళ్లీ టక్కుమనేది. తర్వాత ఆయన అలసి కుర్చీలోనే కళ్లు మూసుకున్నాడు. నిద్ర చెడుతుందని వినీత శబ్దం పెట్టకుండా బొమ్మ మాత్రం చూసుకుంది. బాగా వచ్చింది. మర్నాడు పొద్దున హైదరాబాద్ బస్సెక్కారు.

ఆపరేషన్ అయిన నాలుగో రోజు ఆ పిల్ల దవాఖాన వరండాలో కూర్చుని వీడియో విప్పిందట. నాకు ఫోన్ చేసింది. జరిగింది చెప్పింది.

శనివారం పరీక్ష చేసి చూసుకున్నప్పుడు మైకు మూసి వదిలేసింది. ఆదివారం మూసి ఉన్నట్టే మొదలైంది. ఆట తెరనిండా ఉండటంతో గమనించలేదు. ఆయన దగ్గినప్పుడు నొక్కితే మైకు తెరుచుకుంది, తగ్గాక నొక్కితే మూసుకుంది. నలభై నిమిషాల్లో ఒక్క మాట లేదు. దగ్గు మాత్రం పద్నాలుగు సార్లు స్పష్టంగా ఉంది.

ఇల్లలకగానే పండగ కాదని ఎందరికో నీతులు చెప్పినదాన్ని, ఒక్క నిమిషం వినిచూడమని ఎందుకు చెప్పలేదు? ఆ మీట ఉపాయం నాది. ఫోన్ పెట్టేసి దుకాణంలో కూర్చుని ఏడ్చాను. గిరాకీ వస్తే పొమ్మన్నాను.

మూడు నెలలకు వాళ్లు మళ్లీ నా దుకాణానికి వచ్చారు. బుచ్చిరాములు మెడకు తెల్లగుడ్డ ఉంది. వీడియో పారేద్దామని వినీత అంటే, ఆయనే కాదని చేత్తో భార్యను చూపించాడట. ఆ బొమ్మ మీదే లింగవ్వ మాట పెట్టాలని. ఈసారి మైకును ముగ్గురం మూడుసార్లు చూశాం, చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు.

లింగవ్వ ఇల్లిల్లూ చెప్పుకుంటూ పోయింది. తప్పు చెబితే ఆయన బల్ల మీద వేలితో కొట్టేవాడు, ఆమె సర్దుకునేది. దగ్గులున్న చోట ఆమె ఆగింది. వాటిని తీసేస్తానని వినీత అంటే, "ఉండనియ్యి, అవ్వి గూడ ఆయన చెప్పినయే" అంది.

కల్లు అమ్మే మండువా పక్కన వాళ్ల సొంత ఇల్లు వచ్చింది. లింగవ్వ మాట ఆగిపోయింది. పెళ్లయిన ముప్పయ్యారేళ్లలో ఆమె భర్త పేరు పలికింది లేదు. రేషన్ కార్డు దగ్గర కూడా పక్కవాళ్లతో చెప్పించేది.

"చెప్పవ్వా," అంది వినీత. "అందరిళ్లకు చెప్పినవ్. రేపు మన పిల్లలకు గీ ఇల్లు ఎవరిదో ఎట్ల తెలుస్తది?"

"గిది మనిల్లు అంటే సాలదా?"

"చాలదు."

లింగవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, తీసింది. భర్త వైపు చూడకుండా తెర వైపే చూస్తూ, "గిది బుచ్చిరాములు ఇల్లు," అంది.

పేరు పెట్టి పిలిస్తే మనిషి పలుకుతాడు కదా. ఆయన తలెత్తాడు. పెదవులు "ఆఁ" అని కదిలాయి. చప్పుడేమీ రాలేదు. ఆమె కళ్లు తుడుచుకుని పక్కింటి సంగతి మొదలుపెట్టింది.

తర్వాతి వారం వినీత అన్నీ కత్తిరించి అతికించింది. ఖాళీ ఉన్న చోటల్లా తీసేసింది, ఒక్కటి తప్ప. ఆ పేరు తర్వాత నాలుగు సెకన్లు ఏమీ వినబడదు. మరిచిపోయిందనుకుని నేనే గుర్తుచేశాను.

"అది ఖాళీ కాదు మేడం," అంది. "గాడ బాపు పలికిండు."